ఎన్నడూ వాడని ప్రింటరు

మా విశ్వవిద్యాలయానికి వారసత్వం లేదన్న సంగతి, గుర్తింపు సంఘం వాళ్లు వస్తున్నారని తెలిసేదాకా ఎవరికీ తట్టలేదు. నలభై ఏళ్ల కిందట ప్రభుత్వం ఊరి బయట ఒక జీడిమామిడి తోట చూపించి, అందులో రేకుల షెడ్లు వేసి, ఇదే మీ విశ్వవిద్యాలయం అంది. షెడ్లు పోయి భవనాలు వచ్చాయి. తోట పోయి కార్లు నిలిపే స్థలం వచ్చింది. అంతకు మించి మాకు చరిత్రేమీ జరగలేదు. ఇప్పుడు చూస్తే గుర్తింపు సంఘం కొత్త నియమాల్లో ‘సంస్థాగత వారసత్వ సంపద’ అని ఒక పద్దు పెట్టి, దానికి ఏకంగా యాభై మార్కులు కేటాయించింది. పరిశోధనకు ముప్ఫయ్యే.

పక్క జిల్లా విశ్వవిద్యాలయానికి ఒక ఫిరంగి ఉంది. ఎవరిదో, ఎవరి మీద పేల్చారో వాళ్లకే తెలియదు. దాని పక్కన గుర్తింపు సంఘాన్ని నిలబెట్టి ఫొటో తీయించి యాభైకి నలభై ఎనిమిది కొట్టేశారు. ఆ ఫిరంగి మా వీసీ గారికి కలలోకి కూడా వస్తోందని ఆయన డ్రైవరు చెప్పాడు. వీసీ గారి కలలు డ్రైవరుకెలా తెలుసంటే, మా దగ్గర ఆయన విషయాలన్నీ ముందు తెలిసేది డ్రైవరుకే.

పాతవి ఏమున్నా వారంలోగా తెలియజేయమని అన్ని విభాగాలకూ సర్క్యులరు వెళ్లింది. వృక్షశాస్త్రం వాళ్లు మిగిలిపోయిన ఒక్క జీడిమామిడి చెట్టు పేరు రాశారు. అది ఎండిపోయిందని, సర్క్యులరు చూసి నీళ్లు పోస్తున్నామని కూడా రాశారు. చరిత్ర విభాగం వాళ్లు తమ దగ్గర పాతదంటూ ఏదీ లేదని తేల్చేశారు. నేను మాత్రం ఏమీ రాయలేదు. నేను పరీక్షల విభాగంలో సూపరింటెండెంటుని, పేరు వసుంధర. సర్క్యులర్లకు జవాబు రాయడం మొదలుపెడితే పరీక్షలు జరపడం కుదరదని నాకు చాలా కాలం కిందటే తెలిసింది. అయినా వాళ్లే వెతుక్కుంటూ మా గదికొచ్చారు.

మా గదిలో ఒక ప్రింటరుంది. బీరువా అంత ఉంటుంది. విశ్వవిద్యాలయం పెట్టిన కొత్తలో కొన్నది. రెండంచులా చిల్లులున్న కాగితాన్ని కట్టలకు కట్టలు మింగుతూ, రైస్ మిల్లంత రొద చేస్తూ, మార్కుల మెమోలు బయటికి తోస్తుంది. పాతికేళ్లపాటు ఈ ప్రాంతంలో డిగ్రీ చదివిన ప్రతి ఒక్కరి మెమో దాన్లోంచి వచ్చిందే. తర్వాతి బ్యాచులకు కొత్త ప్రింటర్లు వచ్చాయి గానీ, పాత బ్యాచుల వాళ్లకు నకలు మెమో కావాలంటే ఇప్పటికీ అదే దిక్కు. దాని మీద పడిన ప్రతి మెమో కిందా ఎడమ మూలన చిన్న అక్షరాల్లో ‘యంత్రం: ఎల్.పి.1’ అని ఉంటుంది. దొంగ మెమోలు తయారుచేసేవాళ్లు ఆ ముక్క మర్చిపోతారు. అందుకే, ఉద్యోగాలిచ్చేవాళ్లు ఈ మెమో నిజమైనదేనా అని రాసి అడిగినప్పుడు, మా నిర్ధారణ సీటు వాళ్లు ముందు చూసేది ఆ మూల.

దాన్ని నడిపేవాడు మస్తాన్ వలి. నడుస్తున్నప్పుడు దాని నెత్తి వెచ్చగా ఉంటుంది కాబట్టి తన టిఫిను క్యారియరు అక్కడే పెడతాడు.

వారసత్వ సంఘం కన్వీనరు చిదానందమూర్తి గారు రాజనీతి శాస్త్రం ఆచార్యులు. మా దగ్గర ఏ సంఘం వేసినా ఆయనే కన్వీనరు. ఆయన లేకుండా వేసిన సంఘం ఒక్కటే ఉంది. అది ఆయన మీద విచారణ జరపడానికి వేసింది. గదిలోకి వచ్చి ఆ ప్రింటరును చూడగానే ఆయన రెండు చేతులూ జోడించారు.

“వసుంధర గారూ, ఇంతకాలం మీరు ఒక వారసత్వ సంపద మీద టిఫిను క్యారియరు పెడుతున్నారు.”

“నేను కాదండీ. మస్తాన్ వలి.”

“వ్యక్తులు ముఖ్యం కాదు. వైఖరి ముఖ్యం,” అన్నారాయన. క్యారియరును సంఘం సమక్షంలో దించారు. దించినట్టు మినిట్సులో రాసుకున్నారు.

ఆ వారంలోనే ‘వారసత్వ ముద్రణ పరికరాల అనుకూలతా మూల్యాంకన మరియు సేకరణ ఉపసంఘం’ ఏర్పడింది. దాని బోర్డు మా గుమ్మం మీద పట్టక, కిటికీ మీదికి కూడా సాగింది. నిపుణుడిగా హైదరాబాదు నుంచి దేవదత్ అనే ఆయన్ని పిలిపించారు. ఆయనకు పాత ప్రింటర్లు సేకరించడం పిచ్చి. ఇంట్లో మనుషులు తిరగడానికి చోటు లేనన్ని ఉన్నాయట. వచ్చీ రాగానే మా ప్రింటరు రిబ్బను బయటికి తీయించి, కళ్లు మూసుకుని వాసన చూశాడు.

“అసలుదే,” అన్నాడు గద్గదంగా.

“ఇంకు మొన్ననే పోశానండి,” అన్నాడు మస్తాన్ వలి.

దేవదత్ వినిపించుకోలేదు. పాత ప్రింటరు విలువ రెండు విషయాల మీద తేలుతుందని చెప్పాడు. ఒకటి అనుకూలత, అంటే ఈనాటి కంప్యూటర్లకు తగిలిస్తే పనిచేస్తుందా లేదా. రెండోది స్థితి. ముందు అనుకూలత చూద్దామన్నారు. మా కొత్త కంప్యూటరు తెచ్చి పక్కన పెట్టారు. ప్రింటరు తోకేమో అరచేయంత వెడల్పు, కంప్యూటరుకున్న కన్నమేమో వేలిగోరంత. ఒక మార్పిడి ముక్క కొన్నారు. ఆ ముక్కకు ఇంకో ముక్క కావలసివచ్చింది. చివరికి ముక్కకు ముక్క తగిలించుకుంటూ పోతే కంప్యూటరు వరండాలోకి చేరింది. అప్పుడు మీట నొక్కితే ప్రింటరు ఒకసారి ఉలిక్కిపడి, ప్రశ్నార్థకం గుర్తులు ఒక పేజీ నిండా కొట్టి ఆగిపోయింది.

“అనుకూలించడం లేదు,” అన్నాడు దేవదత్.

“ఎవరు ఎవరికి?” అన్నారు చిదానందమూర్తి గారు.

“అంటే... ఇది దానికి.”

“మీరు దీన్ని తలకిందులుగా చూస్తున్నారు. ఇది వారసత్వం. అది నిన్న వచ్చింది. పెద్దవాళ్లతో చిన్నవాళ్లు సర్దుకుపోవాలి గానీ, చిన్నవాళ్లకు అనుకూలించలేదని పెద్దవాళ్లను తప్పుపడతామా? లోపం కొత్త పరికరాలది.”

అలా మా విభాగంలోని కొత్త కంప్యూటర్లు, కొత్త ప్రింటర్లు అన్నీ అనుకూలతా పరీక్షలో తప్పాయి. తప్పిన వాటిని వాడకూడదని స్టోరు గదిలో పెట్టి సీలు వేశారు. ఆ సెమిస్టరు హాలు టికెట్లు మేమందరం చేత్తో రాశాం. రాసేటప్పుడు ఇద్దరు ముగ్గురు పిల్లల పేర్లు మారిపోయాయి. వాళ్లు మారిన పేర్లతోనే పరీక్ష రాశారు, మంచి పిల్లలు.

ఇక స్థితి సంగతి. సేకరించేవాళ్ల లోకంలో మూడు శ్రేణులున్నాయన్నాడు దేవదత్. ఎన్నడూ వాడనిది, అట్టపెట్టెతో సహా ఉన్నది మొదటి శ్రేణి. పరీక్షించడానికి ఒకే ఒక్క పేజీ ముద్రించినది రెండో శ్రేణి. వాడినది మూడో శ్రేణి.

“మూడో శ్రేణికి మా మార్కులెన్ని?” అన్నారు, వినడానికి వచ్చి కూర్చున్న వీసీ గారు.

“గుర్తింపు సంఘం వాళ్లు మా కొలమానమే తీసుకున్నారండీ. మొదటి శ్రేణికి యాభై. మూడోదాన్ని మేం తుక్కంటాం.”

“ఆ ఫిరంగిని కూడా వాడారు కదయ్యా!”

“ఫిరంగికి అది వన్నె సార్. ప్రింటరుకి మచ్చ.”

వీసీ గారి మొహం చూస్తే నాకే బాధేసింది. అప్పుడు చిదానందమూర్తి గారు గొంతు సవరించుకున్నారు. ఆయన గొంతు సవరించుకున్నప్పుడల్లా విశ్వవిద్యాలయానికి ఏదో ఒకటి జరుగుతుంది.

“ఒక ఆచార్యుడికి పదేళ్ల వెనకటి తేదీ నుంచి పదోన్నతి ఇచ్చే అధికారం పాలకమండలికి ఉంది. ఇచ్చిన సందర్భాలు కూడా ఉన్నాయి,” అన్నారాయన. ఆ సందర్భం ఆయనదే. “చేయని సర్వీసును వెనకటి తేదీ నుంచి చేసినట్టు పరిగణించగలిగినప్పుడు, చేసిన సర్వీసును వెనకటి తేదీ నుంచి చేయనట్టు ఎందుకు పరిగణించలేం?”

 పాలకమండలి కూర్చుంది. ‘ఎల్.పి.1 అను వారసత్వ ముద్రణ యంత్రము, కొనుగోలు చేసిన తేదీ నుంచి ఎన్నడునూ వాడబడనిదిగా పరిగణింపబడవలెను’ అని తీర్మానించింది. కాగితాలు అందించడానికి వెళ్లిన నేను నోరు ఊరుకోక అడిగాను.

“మరి దాని మీద పడిన మెమోల సంగతేంటండీ?”

“మెమోల గురించి తీర్మానంలో ఏమీ లేదు కదమ్మా,” అన్నారు చిదానందమూర్తి గారు ఎంతో దయగా.

ప్రింటరును తుడిచి, కొత్తగా కనిపించేలా రంగు వేయించి, అద్దాల గదిలో పెట్టారు. అసలు అట్టపెట్టె ఎప్పుడో పోయింది కాబట్టి కొత్తది చేయించి, పాతబడడానికి మేడ మీద ఎండలో ఆరేశారు. ప్రింటరును ఎన్నడూ వాడలేదు గనక, దాని ఆపరేటరు ఇన్నేళ్లూ ఏ పని చేసి జీతం తీసుకున్నాడో సంజాయిషీ ఇవ్వమని మస్తాన్ వలికి నోటీసు వచ్చింది. ‘దాని మీద టిఫిను క్యారియరు పెట్టుకున్నాను’ అని రాసిచ్చాడు. మినిట్సులో ఆధారం ఉండడంతో సంజాయిషీని ఆమోదించారు.

నా డిగ్రీ పక్క జిల్లాది, ఫిరంగి వాళ్లది. అందువల్ల నేను బతికిపోయాను. బతకనివాళ్ల సంగతి ఒక సోమవారం ఉదయం నా బల్ల ముందుకొచ్చి నిలబడింది.

ఆమె పేరు కొండ్రు సువార్త. ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సైన్సు టీచరు. నలభై అయిదు దాటి ఉంటాయి. చేతిలో ప్లాస్టిక్ కవరు, కవర్లో ఫైలు. కూర్చోమంటే కూర్చోలేదు.

“మేడం, నాకు హెడ్మిస్ట్రెస్ ప్రమోషను వచ్చిందండి. సర్టిఫికెట్లు నిజమో కాదో కనుక్కునేదానికి మా డీఈవో ఆఫీసోళ్లు మీకు పంపించినారు. మీరేమో ఇట్టా రాసినారు.”

చదివాను. మా నిర్ధారణ సీటు జవాబే. ‘ఎల్.పి.1 యంత్రము ఎన్నడునూ వాడబడలేదు. కావున సదరు మెమో ముద్రింపబడి యుండుటకు అవకాశము లేదు.’ దాని కింద వాళ్ల ఆఫీసు ఉత్తర్వు. దొంగ సర్టిఫికెట్టుతో ఉద్యోగం చేస్తున్నందుకు సస్పెన్షను. మెమో నిజమైనదని నెలలోగా రుజువు చేసుకోకపోతే పోలీసు కేసు.

“ప్రమోషను పోతే పోయింది మేడం. పిల్లకాయలు అడగతన్నారు. నిన్న బజారులో మా తొమ్మిదో తరగతి పిలగాడు, టీచరమ్మా నీయి దొంగ మార్కులంట గదా అన్నాడు. వాడికి సున్నాలు పెట్టేదాన్ని నేను.” అప్పుడు కూర్చుంది. “మా ఇళ్లల్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని మేడం. రెండో సంవత్సరం పరీక్షలప్పుడు మా పెద్దోడు కడుపులో ఉండాడు. వాంతులు చేసుకుంటా రాసినా. అదంతా యాడికి పోయింది?”

నాకు ఒళ్లు మండింది. లేచి నిర్ధారణ సీటు దగ్గరికి వెళ్లాను. అక్కడుండే రంగనాయకులు నెమ్మదస్తుడు, ఉత్తర్వు దాటి తుమ్మడు.

“ఇలా ఎలా రాశావయ్యా?”

“యంత్రం వాడలేదని ఉత్తర్వు ఉంది మేడం. వాడని యంత్రం మీద మెమో ఎలా పడుతుంది? నాది కూడా ఎల్.పి.1 మెమోనే. రేపు నా గురించి ఎవరన్నా అడిగినా ఇదే రాస్తాను,” అన్నాడు. రాస్తాడు కూడా. నాకు అనుమానం లేదు.

సువార్తను వెంటబెట్టుకుని చిదానందమూర్తి గారి గదికి వెళ్లాను. ఆయన ఆమెను ఎంతో మర్యాదగా కూర్చోబెట్టారు.

“అమ్మా, మీరు ఉత్తీర్ణులు కాలేదని విశ్వవిద్యాలయం అనడం లేదు. మీ ఉత్తీర్ణత ముద్రణ దశకు చేరుకోలేదని మాత్రమే అంటోంది. ఈ రెంటికీ చాలా తేడా ఉంది.”

“మరి నా చేతిలో ఉండే ఈ కాయితం ఏంది సార్?”

“అది ఒక కాగితం. దాని మూలం పరిశోధించదగినది.”

సువార్త కాసేపు ఆయన వైపే చూసింది. “తమరు యాడ చదివినారు సార్?”

“ఇక్కడేనమ్మా!” ఆయన కుర్చీలో నిటారుగా జరిగారు. “ఈ విశ్వవిద్యాలయపు మొదటి బ్యాచి ఎం.ఏ. విద్యార్థిని నేను. రేకుల షెడ్లలో...”

అక్కడ ఆగిపోయారు.   ఆయన గ్లాసులో నీళ్లన్నీ తాగేసి, బల్ల సొరుగు తీసి, దేని కోసమో వెతికి, మళ్లీ మూసేశారు. మూసేముందు ఆయన మెమో కింద ఎడమ మూల నాక్కూడా కనిపించింది.

ఆ సాయంత్రమే అత్యవసర సమావేశం. వీసీ గారిదీ అదే బ్యాచి అని అప్పటిదాకా మాకెవరికీ తెలియదు. యంత్రాన్ని వాడినట్టు ఒప్పుకుంటే మార్కులు పోతాయి. వాడలేదంటే వీసీ పదవే పోతుంది. దేవదత్‌కు ఫోను చేశారు. రెండో శ్రేణికి దిగితే ముప్ఫై అయిదు మార్కులొస్తాయని, అందులో ఒకే ఒక్క ముద్రణకు అనుమతి ఉందని చెప్పాడు.

“అయితే ఆ ఒక్కటీ నా మెమో,” అన్నారు వీసీ గారు.

“ఈ పరిష్కారం సూచించిన సంఘానికి కన్వీనరుగా, ఆ స్థానం నాకు చెందుతుందని సవినయంగా మనవి చేస్తున్నాను,” అన్నారు చిదానందమూర్తి గారు. “పైగా ఎం.ఏ.లో నాకు మీకంటే నాలుగు మార్కులు ఎక్కువొచ్చాయి.”

“ఎక్కడొచ్చాయి? మీ మెమో ముద్రణే కాలేదుగా!”

 ఎల్.పి.1 తన జీవితకాలంలో ఒకే ఒక్క మెమో ముద్రించిందని, అది వీసీ గారిదని సవరణ తీర్మానం చేశారు. ఆ మెమోకు బంగారు రంగు చట్రం కట్టించి, ప్రింటరు పక్కన గోడకు తగిలించారు. సువార్త గురించి అడిగితే, రెండో శ్రేణిలో ఖాళీ లేదన్నారు.

కోపం వస్తే నాకు బుర్ర బాగా పనిచేస్తుంది. గుర్తింపు సంఘం వచ్చిన రోజు పూర్వ విద్యార్థులతో ముఖాముఖి ఉండాలి. కానీ తీర్మానం ప్రకారం పాత బ్యాచుల్లో రుజువున్న పూర్వ విద్యార్థి వీసీ గారొక్కరే. ఆయన ఒక్కర్నే కుర్చీలో కూర్చోబెడితే బాగోదు. జాబితా తయారుచేసే పని నా మీద పడింది. నేను సువార్త పేరు రాశాను. ఆ హడావుడిలో పైన ఎవరూ చూడలేదు.

గుర్తింపు సంఘం అధ్యక్షుడు గణితం ప్రొఫెసరు. పక్క రాష్ట్రంలో పనిచేస్తున్న తెలుగాయన. సన్నగా, ఏ ఆర్భాటం లేకుండా ఉన్నాడు. పూలదండ వేయబోతే పక్కకు తప్పుకున్నాడు. అద్దాల గదిలో దేవదత్ ప్రింటరు గొప్పతనం చెబుతూ కన్నీళ్లు పెట్టుకున్నాడు. అధ్యక్షుడు గోడ మీది మెమో దగ్గర ఆగి, కింద రాసింది పైకి చదివాడు.

“‘ఈ యంత్రపు ఏకైక ముద్రణ’. ఏకైక అంటే?”

“ఇంకేదీ దీని మీద ముద్రించలేదు సార్,” అన్నారు వీసీ గారు గర్వంగా.

“ఈ మెమో ఎవరిది?”

“నాదే సార్.”

“అంటే, విద్యార్థుల కోసం ప్రభుత్వం కొనిచ్చిన యంత్రాన్ని ఇన్నేళ్లలో ఒక్కసారే వాడారు. అది కూడా మీ కోసం.”

వీసీ గారి నవ్వు సగంలో నిలిచిపోయింది. “అబ్బే, అలా కాదు సార్...”

“మిగతా విద్యార్థులకు మెమోలు ఇచ్చారా, లేదా?”

“ఇచ్చాం సార్! వేలకు వేలు ఇచ్చాం.”

“దేని మీద?”

“దీని మీదే.”

“దీన్ని వాడలేదన్నారు.”

“వాడలేదు సార్.”

అధ్యక్షుడు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “ఈ రెంటిలో ఒకటి చెప్పండి. ఏది రాసుకోమంటారు? ఎవరికీ మెమోలివ్వలేదని రాసుకుంటే ఈ విశ్వవిద్యాలయం సంగతి మేం ఇంకో చోట మాట్లాడాల్సి వస్తుంది.”

వీసీ గారు చిదానందమూర్తి గారి వైపు చూశారు. ఆయన పైకప్పు వైపు చూస్తున్నారు. వీసీ గారి చూపు గదంతా తిరిగి, పూర్వ విద్యార్థుల కుర్చీల్లో కూర్చున్న సువార్త మీద పడింది. మునిగిపోయేవాడికి గట్టు కనిపించినట్టయింది.

“అరుగో సార్, మా పూర్వ విద్యార్థిని! అమ్మా, నీ మెమో తెచ్చావా? సార్‌కి చూపించమ్మా.”

సువార్త లేచి నిలబడింది. ప్లాస్టిక్ కవరును రెండు చేతులతో గుండెకు అదుముకుంది.

“నాకాడ మెమో లేదు సార్.”

“ఆ కవర్లో ఉందిగా!”

“ఇది మెమో కాదని తమ ఆఫీసోళ్లే రాసిచ్చినారు. దొంగ కాయితమని నన్ను పనిలోంచి ఆపినారు. ఇప్పుడు దీన్ని ఈ పెద్దసారుకి చూపిస్తే ఇంకో కేసు పెడతారు. నేను చూపించను.”

“ఎవరమ్మా అలా రాసింది? తప్పు! అది నిజమైన మెమోనే!”

“ఆ మాట రాసియ్యండి సార్. చూపిస్తా.”

వీసీ గారు అక్కడికక్కడే, ప్రింటరుకు చేయించిన అట్టపెట్టెను బల్లగా చేసుకుని, తన చేత్తో రాశారు. విశ్వవిద్యాలయం ముద్ర కావలసివచ్చింది. అది ఆ పూట పొరపాటున నా హ్యాండుబ్యాగులోనే ఉంది. సువార్త ఆ కాగితాన్ని నిదానంగా చదువుకుని, “ముందు పంపించింది రద్దని గూడా రాయండి సార్,” అంది. రాశారు. అప్పుడు కవరు విప్పి మెమో తీసి అధ్యక్షుడి చేతికిచ్చింది.

“ఫస్టు క్లాసు,” అన్నాడాయన, చదివి. “సంతోషమమ్మా.”

వారసత్వం పద్దులో మాకు సున్నా వచ్చింది. ఆ సున్నాకు సంజాయిషీ ఇవ్వడానికి రాజధానికి వెళ్లిన వీసీ గారు అక్కడే సెలవు పెట్టేశారు. సున్నా వచ్చాక ఇక తీర్మానాన్ని పూర్తిగా కొట్టిపారేస్తారనుకున్నాను. అలా కొట్టేస్తే అది మా విశ్వవిద్యాలయం ఎందుకవుతుంది? తన మెమోను బతికించుకోవలసిన చిదానందమూర్తి గారు కొత్త మార్గదర్శకాలు రాశారు. ఎల్.పి.1 ఇప్పటికి రెండుసార్లు వాడబడింది. మిగతా అభ్యర్థులు విడివిడిగా దరఖాస్తు చేసుకుంటే, ఆ మేరకు వాడబడినట్టు పరిగణిస్తారు. ప్రతి దరఖాస్తు మీదా గెజిటెడ్ అధికారి ఒకరు మెమో అసలుదేనని ఆకుపచ్చ సిరాతో సంతకం చేయాలి. ఆ అధికారి, సదరు యంత్రం మీద మెమో పొందినట్టు ఇదివరకే రుజువైన వ్యక్తి అయివుండాలి.

ఇది రాసేటప్పుడు ఆయన మనసులో ఉన్నది వీసీ గారు. వీసీ గారు సెలవు నుంచి తిరిగి రానేలేదు. రుజువైనవాళ్లు ఇద్దరే, రెండో మనిషి సువార్త. సస్పెన్షను ఎత్తేసి ప్రమోషను కాగితం చేతికిచ్చాక, హైస్కూలు హెడ్మిస్ట్రెస్ హోదాలో ఆమె గెజిటెడ్ అధికారి. ఆకుపచ్చ పెన్ను కొనుక్కుంది.

మర్నాడు ఉదయం చిదానందమూర్తి గారు దరఖాస్తు పట్టుకుని సువార్త ఊరికి వెళ్తున్నారని ఒకరోజు మస్తాన్ వలి చెప్పాడు. నేను సెలవు పెట్టి మరీ వెళ్లాను. అలాంటిది మళ్లీ చూస్తానా?

బడిలో ప్రార్థన జరిగే వేళకు ఆయనా నేనూ చేరుకున్నాం. పిల్లలు ఎండలో వరసలు కట్టి ఉన్నారు. సువార్త ఆయనకు కుర్చీ వేయించి, కాఫీ తెప్పించి, దరఖాస్తు అందుకుని, మెమో మూలలన్నీ చూసింది.

“సంతకం పెడతా సార్. దాందేముంది. మీరు చదివినారని నాకు అనుమానం లేదు. కాకపోతే ముందు మా పిల్లకాయలకి ఒక మాట చెప్పండి.”

“ఏమని?”

“నాది దొంగ సర్టిఫికెట్టని ఊరంతా అన్నారు గదా. కాదని చెప్పండి.”

ఆయన మైకు దగ్గరికి వెళ్లి గొంతు సవరించుకున్నారు. “ప్రియమైన విద్యార్థులారా! పరిపాలనాపరమైన పరిగణనల నేపథ్యంలో, మీ ప్రధానోపాధ్యాయురాలి విద్యార్హతల ముద్రణ విషయమై తాత్కాలికంగా తలెత్తిన అస్పష్టత...”

పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వెనక వరసలో ఎవడో ఆవులించాడు.

“సార్,” అంది సువార్త మెల్లగా, “తెలుగులో చెప్పండి.”

ఆయన జేబురుమాలు తీసి మొహం తుడుచుకున్నారు. ఆయన్ని ఎన్నో సమావేశాల్లో చూశాను గానీ, అలా మాట కోసం వెతుక్కోవడం ఎన్నడూ చూడలేదు.

“మీ టీచరు చదువుకున్నారు,” అన్నారు చివరికి. “పరీక్ష రాసి పాసయ్యారు. అబద్ధం చెప్పింది మేము.”

సువార్త వరసల్లో తొమ్మిదో తరగతి వైపు ఒకసారి చూసింది. తర్వాత ఆకుపచ్చ పెన్ను మూత తీసింది.